చిట్టక్క పోయిన ఏడాది

చేయాల్సిన పనులు:

చిట్టక్క అసలు పేరు నాయనమ్మ నోటి నుంచి రాబట్టాలి.

ఆమె ఏ ఊళ్లో పోయిందో ఖాయం చేసుకోవాలి. పుట్టిన ఊళ్లో వెతికి లాభం లేదు, ప్రాణం పోయిన చోటే నమోదై ఉంటుంది.

ఏ సంవత్సరమో తేల్చాలి.

ఆమెకు మనం ఏమవుతామో చూపించే కాగితాలు జత చేయాలి.

మామూలు ధ్రువపత్రం కాదు, రిజిస్టరులో రాసిన మొత్తానికీ నకలు కావాలని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి.

పని పూర్తయ్యేదాకా నాయనమ్మకు ఆశ పెట్టకూడదు.

చివరి పని ఆ సాయంత్రమే చెడింది.

"ఏంటే డిగ్రీ, అంత దీక్షగా రాస్తున్నావ్?" అంటూ నాయనమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి కావడంతో మనవరాలికి ఉన్న పేరు పోయి డిగ్రీ అన్న పిలుపు మిగిలింది. కరెంటు బిల్లు తప్పొచ్చినా, బ్యాంకువాళ్లు సంతకం కలవలేదన్నా, నాన్న ఫోను మొరాయించినా అందరూ డిగ్రీ కోసమే కేకలేసేవారు. డిగ్రీకి అన్నీ చేతనవును, నాయనమ్మ దగ్గర అబద్ధమాడటం తప్ప.

"చిట్టక్క గురించి నాయనమ్మా. మన వంశంలో అందరి వివరాలూ రాస్తున్నాను కదా. ఆమె పోయిన తేదీ మనదగ్గర లేదు. ఆమె పోయిన ఊరి ఆఫీసులో అడిగితే ఇస్తారట."

చిట్టక్క నాయనమ్మకు సొంత అక్క. మనిషి పొట్టి కావడంతో అక్కయి కూడా చిట్టి అయింది. తరవాత పుట్టినవాళ్లకు కూడా వరసతో నిమిత్తం లేకుండా ఆమె చిట్టక్కే. పెళ్లయిన కొత్తలోనే భర్త పోతే, ఎవరికీ బరువు కానంటూ దూరపు ఊళ్లో నూలు మిల్లు పనికి వెళ్లిపోయింది. కొన్నేళ్లకు ఒక లారీ డ్రైవరు గుమ్మం ముందు నిలబడి, ఆమె జ్వరమొచ్చి పోయిందనీ, చేయాల్సినవన్నీ అయిపోయాయనీ చెప్పాడు. నాయనమ్మ తేరుకుని ఇంకో మాట అడిగేలోపే లారీ కదిలిపోయింది.

ఆ అడగని మాట ఇప్పుడు మనవరాలిని అడిగింది. "చివర్లో దాని పక్కన ఎవరన్నా ఉన్నారో లేదో, అది కూడా రాస్తారా ఆ కాగితంలో?"

"తెలీదు నాయనమ్మా."

"దానికి ఒక్కతే పడుకోవాలంటే చచ్చేంత భయం. నా కొంగు వేలికి చుట్టుకుని పడుకునేది. పేరుకు అక్క, భయానికి చెల్లెలు. అలాంటిది ఊరుగాని ఊళ్లో ఒక్కతే..." నాయనమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంది.

డిగ్రీ గబగబా ప్రశ్నలు మొదలుపెట్టింది. "అసలు పేరేంటి?"

నాయనమ్మ గుమ్మం వైపు ఓసారి చూసి, చెవి దగ్గర వంగి గుసగుసగా చెప్పింది. "అక్కని పేరు పెట్టి పిలిచానని తెలిస్తే మొట్టికాయ వేస్తుంది."

"ఏ సంవత్సరం?"

"సంవత్సరాలు నాకేం తెలుసే! మీ నాన్నకి పళ్లొస్తున్నాయి అప్పుడు. ఒళ్లు పెనంలా కాలిపోయేది, చంక దింపితే గుక్కపట్టేవాడు. వాణ్ని వదిలి ఆ ఊరెళ్లి కనుక్కోలేకపోయాను."

డిగ్రీకి అది చాలు. నాన్న రిటైరైనప్పుడు ఇచ్చిన కాగితాల్లో పుట్టిన తేదీ ఉంది. పళ్లొచ్చే వయసంటే ఏడాది అటూ ఇటూ. ఆ లెక్కన పుట్టిన సంవత్సరమూ, దాని తరవాతదీ దరఖాస్తులో రాసుకుని తెల్లవారి బస్సెక్కింది.

మిల్లు మూతపడి చాలాకాలమైనా ఊరు మాత్రం ఇంకా మిల్లు పేరు మీదే బతుకుతోంది. నగరపాలక కార్యాలయంలో జనన మరణాల విభాగం మెట్ల కింద ఇరుకు గది. స్టాంపు సిరా అంటిన వేళ్లతో గుమస్తా మేడమ్ దరఖాస్తు అందుకుంది.

"ఆస్తి గొడవా?"

"కాదండీ."

"ఇన్సూరెన్సా?"

"కాదండీ. మా నాయనమ్మకి అక్క. ఎలా పోయిందో తెలుసుకోవాలని."

మేడమ్ అప్పుడు తలెత్తి చూసింది. "ఈ సంవత్సరాలు గట్టిగా తెలుసా?"

"మా నాన్నకి పళ్లొచ్చే రోజులండీ."

"మీ నాన్న పళ్ల సంగతి మా రికార్డులో ఉండదమ్మా. సరే, వెతికిస్తాను. పోస్టులో పంపుతాం."

పోస్టులో వచ్చిన కవరును డిగ్రీ నాయనమ్మ ముందే విప్పాల్సి వచ్చింది, ఎందుకంటే దాన్ని తీసుకున్నది నాయనమ్మే. లోపల పైన అడిగిన సంవత్సరాల అంకెలు, మధ్యలో ఒకే వాక్యం, కింద గుండ్రటి సీలు. కోరిన సంవత్సరాలలో అట్టి మరణం నమోదైనట్లు కనిపించలేదు.

"కనిపించలేదంటే? రాయనేలేదా?"

డిగ్రీ ఇంకో కాగితం ఉందేమోనని కవరు తిరగేసి దులిపింది. నాయనమ్మ మాత్రం మెల్లగా తల ఊపింది. "రాయించడానికి మనిషుండాలి కదే. ఎవరూ లేనట్టున్నారు."

నాన్న కుర్చీలోంచి లేచి కాగితం చేతిలోకి తీసుకున్నాడు. "ఏ సంవత్సరం పెట్టావమ్మా? ఆఁ, నేను పుట్టిన ఏడే కదా. లెక్క సరిగ్గానే ఉంది."

"ఏదీ, ఎంతని ఉంది?" అని నాయనమ్మ అంకె చెప్పించుకుంది. ఆమెకు గుర్తున్న ఏడాది ఒక్కటే, తన పెళ్లి బిందె మీద చెక్కించింది. పెదాలు కదుపుతూ దాంతో లెక్కేసింది. "ఆ ఏడు వీడు పుట్టడమేంటి? అప్పటికి నాకు పెళ్లే కాలేదు!"

తండ్రీ కూతుళ్లు ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నేను పనికి వెళ్లాలి, వీణ్ని చూసేవాళ్లు లేరు. బళ్లో చేరుద్దామంటే వయసు చాలదన్నారు. అప్పట్లో చెయ్యి తల మీంచి వేసి అవతలి చెవి పట్టుకోమనేవారు. అందితేనే చేర్చుకునేది. వీడి చెయ్యి అందలేదు. మేష్టారు అటు తిరిగినప్పుడు నేనే కాస్త వీడి మెడ వంచాను. చెవి అందింది. రెండేళ్లు ఎక్కువేసి రాసుకున్నారు."

"అంటే నేను రెండేళ్లు చిన్నవాణ్నా?" నాన్న కుర్చీలో కూలబడ్డాడు. "అమ్మా! రెండేళ్ల ముందే నన్ను రిటైర్ చేయించావా?"

"చేయిస్తే ఏం? ఇంట్లో కూర్చుని పేపరు చదువుతున్నావుగా సుఖంగా."

నవ్వొచ్చింది గానీ డిగ్రీ నవ్వలేదు. అప్పటికే కొత్త దరఖాస్తు రాస్తోంది.

ఈసారి పోస్టు కోసం ఆగకుండా గుమస్తా మేడమ్ రమ్మన్న రోజుకు తనే వెళ్లింది. మేడమ్ నకలును కిటికీలోంచి తోస్తూ, "దొరికింది. మీ నాన్న పళ్లు రెండేళ్లు ఆలస్యంగా వచ్చాయన్నమాట," అంది.

డిగ్రీ అక్కడే నిలబడి గడి గడీ చదివింది. పేరు, నాయనమ్మ చెవిలో చెప్పిందే. చోటు, మిల్లు వెనక కార్మికుల గదులు. కారణం, జ్వరం. సమాచారం ఇచ్చినవారి గడిలో పేరు లేదు. "మృతురాలి చెల్లెలు, దగ్గరే ఉన్నది" అని ఉంది. పక్కన వేలిముద్ర.

"మీ నాయనమ్మేగా ఇది?" అంది మేడమ్.

"మా నాయనమ్మ ఈ ఊరు ఎప్పుడూ రాలేదండీ. వాళ్లకి ఇంకో చెల్లెలు కూడా లేదు."

మేడమ్ నకలును మళ్లీ తనవైపు తిప్పుకుని చూసింది. "అయితే మిల్లులో తోటిమనిషై ఉంటుంది. సొంతవాళ్లు ఎవరూ రాకపోతే అప్పట్లో దిక్కులేని వాళ్ల లెక్కలో రాసి శవాల బండి పంపేవారట. అలా కానివ్వకూడదని చెల్లెలినని చెప్పి ఉంటుంది."

ఇంటికొచ్చాక డిగ్రీ నాయనమ్మ చెయ్యి పట్టుకుని మొత్తం చదివి వినిపించింది. చెల్లెలు అన్న చోట నాయనమ్మ ఉలిక్కిపడింది. "నేను వెళ్లలేదే!"

"నువ్వు కాదు నాయనమ్మా. అక్కడ ఎవరో ఒకామె, నీ బదులు."

"దగ్గరే ఉందని రాశారా?"

"దగ్గరే ఉన్నది అని రాశారు."

"ఇంకోసారి చదువు."

డిగ్రీ ఇంకోసారి చదివింది. నాయనమ్మ కొంగుతో కళ్లొత్తుకోలేదు, ఏడవనూ లేదు. ఆ వేలిముద్రను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "పాపం, పనిలో అరిగిపోయినట్టుంది వేలు. గీతలే సరిగా పడలేదు," అంది. తరవాత ఏదో పెద్ద సందేహం వచ్చినట్టు మనవరాలి వైపు తిరిగింది. "మా అక్కకి చెల్లెలంటే, నాకు ఏమవుతుందే? అక్కా, చెల్లెలా?"

"వయసు రాయలేదు నాయనమ్మా."

"అయితే అక్కే అనుకుంటాను. చెల్లెలంటే మళ్లీ పేరు పెట్టి పిలవాలి, పేరు తెలీదు కదా." కాగితం మడుస్తూ అడిగింది. "ఆవిడ సంగతి కూడా రాసి అడగొచ్చా ఆ ఆఫీసులో?"

డిగ్రీ నిజమే చెప్పింది. దరఖాస్తులో మొదటి గడిలోనే పేరు రాయాలి. పేరు లేదు, తండ్రి పేరు లేదు, ఏ ఊళ్లో ఎప్పుడు పోయిందో, అసలు పోయిందో లేదో తెలియదు. ఏ కిటికీ దగ్గరా ఆమెను గురించి అడగడానికి వీల్లేదు.

నాయనమ్మ ఆ రోజు పడుకునేముందు, "నాకు ఇద్దరక్కలు," అని నాన్నతో చెప్పింది.

ఇది చదివినవారిని కోరేది ఒక్కటే. నూలు పోగులకు అరిగిన వేలితో, ఏమీకాని మనిషికి చెల్లెలినని ముద్ర వేసిన ఆ మిల్లు కార్మికురాలిని గుర్తుపెట్టుకోండి. ఆమె ఏ రిజిస్టరులో వెతికినా దొరకదు.