ముక్కుగారికి ఊసే బకెట్టు

"బాడీ తేలిగ్గా ఉన్నవి ముందు పెడదాం. బరువైన బాడీ ఆఖర్న. గంట ముందే మూత తీస్తాలెండి, కాస్త గాలి తగలాలి కదా."

మా అమ్మాయి ఫోన్లో అన్న మాటలివి. నేను పక్కగదిలో దుప్పట్లు మడతపెడుతున్నాను. పిల్ల మంచిదే, లోకమే మంచిది కాదు.

"ఎన్ని బాడీలే?" అన్నాను గుమ్మం దగ్గర నిలబడి.

"ఆరు. ఆదివారం మధ్యాహ్నం, మనింట్లోనే."

సోఫా కింద రెండు పడతాయని కూడా అనుకున్నాను. తల్లిని కదా.

అది పడీపడీ నవ్వింది. బాడీ అంటే శవం కాదట. వైను నోట్లో పోసుకుంటే నాలుక మీద ఎంత బరువుగా ఉంటుందో దాన్ని బాడీ అంటారట. నాలుగేళ్లుగా అది వైను దుకాణంలో గ్లాసులు తుడుస్తోంది. ఆ దుకాణంలో సరుకు మంచిచెడ్డలు తేల్చే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. వాసన చూసి సీసా జాతకం చెప్పేస్తాడని అందరూ ఆయన్ని ముక్కుగారంటారు. ఆయనకి సహాయకురాలు కావాలి. దుకాణంలో పైకప్పు బాగుచేయిస్తున్నారు కాబట్టి పరీక్ష మా ఇంట్లో. ఆరు సీసాలకీ మా అమ్మాయి గుణాలూ లోపాలూ చెప్పాలి. చెబితే ఉద్యోగం, లేకపోతే మళ్లీ గ్లాసులూ గుడ్డా.

"తాగి బాల్కనీలోంచి పడితే?"

"ఎవరూ తాగరమ్మా. పుక్కిలించి ఊసేస్తారు."

"ఊసేదానికి కొనడం దేనికే?"

ఊసడానికి ఓ బకెట్టు కూడా కావాలంది. నేల తుడిచే బకెట్టు మరిగే నీళ్లతో మూడుసార్లు కడిగి పెట్టాను. కీడెంచి మేలెంచమన్నారు కదా అని బల్ల మూలలకి దిండ్లు కూడా కట్టాను.

ఆదివారం మూడింటికి వచ్చారు. దుకాణం యజమానురాలు, వాళ్ల ఖాతాదారు పళ్ల డాక్టరు, ఆయన బావమరిది, వెనకాల ముక్కుగారు. ఆయన లోపలికొస్తూనే, "దబస్కారబబ్బా" అన్నారు.

మిగతావాళ్లు అదేదో పెద్దవాళ్లు పలికే తీరు అనుకున్నారు. నాకు మాత్రం నిమోనియా కనబడింది.

"జలుబా అండీ?"

"లేదు. దా గొంతే అంత."

మొదటి సీసా పోశారు. ముక్కుగారు గ్లాసులో ముక్కు ముంచినంత పనిచేసి, "బంచి సువాసద" అన్నారు. "సువాసన!" అన్నాడు డాక్టరు. "సువాసనే!" అన్నాడు బావమరిది. తందానా అంటే తాన. అందరూ పుక్కిలించి, బకెట్టు చుట్టూ వంగి వరసగా ఊశారు. ఇంటికొచ్చిన మర్యాదస్తులు ఇలా ఊస్తుంటే పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడటం నా జన్మలో అదే మొదలు. రెండోదీ అంతే.

మూడోది పోస్తూ మా అమ్మాయి వాసన చూసింది. మొహం వాడిపోయింది.

"అద్భుతబు!" అన్నారు ముక్కుగారు. "దువ్వేబంటావు?"

అది నోరు తెరిచింది, ఆయన మొహం చూసింది, నోరు మూసింది. పెద్దవాళ్లు ఎదురుగా ఉంటే దానికి చిన్నప్పట్నుంచీ అంతే, నాలుక మడతపడిపోతుంది. ఉద్యోగం పోయినట్టేనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెళ్లి గ్లాసు లాక్కుని నేనే వాసన చూశాను. పాలు విరిగాయా, గ్యాసు కారుతోందా, వైరు మాడుతోందా అని ఇరవై అయిదేళ్లుగా వాసన చూస్తున్నదాన్ని.

తడిసిన అట్టపెట్టె కంపు!

"విషం! ఊసేయండి! అందరూ ఊసేయండి!"

అందరూ ఒక్కసారే ఊశారు. కొంత బకెట్లోనే పడింది.

"నేను మింగేశాను," అన్నాడు బావమరిది, ఏడుపుగొంతుతో. నేను వాడి వీపు మీద గుద్దుతుంటే డాక్టరు వాడి నోరు తెరిపించి తొంగిచూసి, "పళ్లు బాగానే ఉన్నాయి" అన్నాడు.

యజమానురాలు లేచి నిలబడింది. "ఏమ్మాయ్, ముక్కుగారు అద్భుతమంటే మీ అమ్మ విషమంటుందేమిటి?"

"విషం కాదండీ," అంది మా అమ్మాయి నేల చూస్తూ. "కానీ అమ్మ చెప్పిన కంపు ఉంది. బిరడా పాడైంది. పోస్తున్నప్పుడే తెలిసింది. ఆయన బాగుందన్నాక నోరు రాలేదు."

ముక్కుగారు ఏదో అనబోయి తుమ్మారు. అలాంటి ఇలాంటి తుమ్ము కాదు, గ్లాసులన్నీ గణగణమన్నాయి. ఆ తర్వాత కూలబడి నా చెయ్యి పట్టుకున్నారు.

"రెండు వారాలైందబ్బా. ఏ వాసదా లేదు. ఈవిడకి బాత్రం చెప్పకండి," అన్నారు, పక్కనే ఉన్న యజమానురాలిని చూపించి.

"చెప్పనులెండి," అంది యజమానురాలు.

జబ్బుమనిషిని చూస్తూ ఊరుకుంటానా? నీళ్లు మరిగించి గిన్నె ముందుపెట్టి, ఆయన తలమీద దుప్పటి కప్పేశాను. లోపల్నుంచి ఆవిరితోపాటు గొంతు వచ్చింది. "బిగతా బూడూ చెప్పబ్బా."

ఆయన మొహం కనబడకపోయేసరికి మా పిల్లకి మాట వచ్చింది. నాలుగోది పుల్లన, నోరు ఆరిపోతుందంది. అయిదోది ఇంకో రెండేళ్లు ఆగాలంది. ఆరోదాని గురించి చెబుతూ ఎంతసేపు మాట్లాడిందో! యజమానురాలు ఒక్కొక్కటీ నోట్లో పోసుకుని, ఊసి, తలూపింది. బావమరిది సొంతంగా "అవును" అన్నాడు.

"రేపే రబ్బదండి," అంది దుప్పటి.

"రేపే రా," అంది యజమానురాలు.

మా అమ్మాయి నన్ను వాటేసుకుంది. నాకూ ఆనందంగానే ఉంది, ఎందుకుండదు? కానీ అప్పుడే నాకు ఇంకోటి తట్టింది. ముక్కుతో చేసే ఉద్యోగం!

"మీ సీసాల గదిలో చలిగా ఉంటుందా అండీ?" అన్నాను.

"ఉండాలి కదమ్మా, లేకపోతే వైను పాడవుతుంది."

"మరి పిల్ల పాడైపోదూ?"

మర్నాడు పొద్దున్న రెండు స్వెట్టర్లు తొడిగి, చెవులకి ఉన్ని మఫ్లరు చుట్టి పంపాను. ముక్కు మాత్రం బయటికే ఉంచాను. జీతం దానికే కదా.