అటు తిరిగి నిలబడ్డ బొమ్మ

సుమిత్ర తన మొగుడిని కలుసుకునే చోటు భూమ్మీద ఎక్కడా లేదు, ఫోన్‌లో ఉంది. ఆమె కోరుట్లలో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతుంటే, దేవేందర్ గల్ఫ్‌లో ఒక కంపెనీ క్యాంపులో ఉంటాడు. జీతాలు ఆగి అతని ఫోన్‌లో బ్యాలెన్స్ ఉండదు. క్యాంపు వైఫైలో వాట్సాప్ రాదు, వీడియో కాల్ రాదు. జీతాలివ్వడం చేతకాని కంపెనీకి, మనుషులు పెళ్లాలతో మాట్లాడుకోకుండా గోడలు కట్టడం మాత్రం బాగా చేతనైంది. అయితే ఒక ఆటను మూసెయ్యడం మరిచిపోయారు. అందులో ఎక్కడెక్కడివాళ్లో బొమ్మలై వచ్చి ఒకే మైదానంలో తిరగొచ్చు, మాట్లాడుకోవచ్చు, డబ్బాలు పేర్చి ఇల్లు కట్టుకోవచ్చు. దేవేందర్ అందులో రెండు గదుల ఇల్లు కట్టాడు. తలుపు వేస్తే లోపలి మాట బయటికి పోదు. పెళ్లీడుకొచ్చే బిడ్డను పెట్టుకుని ఫోన్‌లో బొమ్మలాట ఏందని వాడకట్టు నవ్వింది. నవ్వనీ, నాకేం పోయె అనుకుంది సుమిత్ర.

రెండు నెలలుగా అటునుంచి మాట రావడం లేదు. ఆమె మాట పోతుంది, అతని మాట రాదు. క్యాంపువాళ్లు ఇంకో గోడ పెట్టారు కాబోలు అనుకుంది. ఆటలో రాసి పంపాలంటే ఇంగ్లీషు కావాలి, అది ఆమెకు రాదు. "ఇంటున్నవా? ఇంటే ఎగురు" అంది ఒకరోజు. బొమ్మ ఎగిరింది. అప్పట్నుంచి ఒకసారి ఎగిరితే ఔను, రెండుసార్లు ఎగిరితే కాదు. ఆమెకు గిట్టనిది ఒక్కటే, ఆ బొమ్మ ఎప్పుడూ గోడవైపు తిరిగి నిలబడేది. ఆమె ఎదురుగా వెళ్తే మళ్లీ అటు తిరిగేది. "నా మీద కోపమా?" అంటే రెండుసార్లు ఎగిరేది.

ఇంతలో ఆమెకు రక్తం పోవడం మొదలై ఆగలేదు. గర్భసంచి తియ్యాల్సిందే, ఆలస్యమైతే ప్రాణం దక్కదని జగిత్యాల డాక్టరమ్మ చెప్పింది. దేవేందర్‌కు ఇంకొక పిల్ల కావాలని ఎంత ఆశో సుమిత్రకు తెలుసు. అతన్ని అడగకుండా ఎట్లా చేయించుకుంటుంది?

ఓ మధ్యాహ్నం ఇంటి తలుపేసుకుని, ఆటలోనూ తలుపేసి, మనసులో ఉన్నదంతా చెప్పేసింది. గుడ్డలు మార్చి మార్చి నడుం పడిపోయిందని చెప్పింది. ఆపరేషన్ అయ్యాక తనను ముట్టుకుంటాడో లేదోనని భయంగా ఉందంది. పెళ్లయిన కొత్తలో అతను చెవిలో అన్న మాటను మళ్లీ అని, "గట్ల మల్ల ఎప్పుడన్న అంటవా?" అని అడిగింది. బొమ్మ గోడవైపు తిరిగి అట్లాగే ఉంది.

"ఆపరేషన్ చేయించుకోనా? పానం పోయేటట్టున్నదయ్యా. చెప్పు."

చాలాసేపటికి బొమ్మ ఒకసారి ఎగిరింది. మళ్లీ ఎగరలేదు.

ఆస్పత్రిలో చేరే రోజు ఆమె ముందు జగిత్యాల బస్టాండు దగ్గర ఖాలిద్ మొబైల్ షాపుకు వెళ్లింది. ఆపరేషన్ బల్ల ఎక్కే ముందు మొగుడి నోటితో "పో" అన్న ఒక్క మాట వినాలని ఆమె ఆశ.

"వాళ్ల గోడ మీ ఫోన్లను సక్కగ కలవనిస్తలేదేమో అక్కా," అన్నాడు ఖాలిద్. "నడుమ ఒక సర్వర్ పెడ్త. మీరిద్దరు దానితోని మాట్లాడుండ్రి, గది అటిటు మోస్తది."

కాసేపు ఏదో చేసి ఫోన్ చేతికిచ్చాడు. మైదానం వచ్చింది, ఇల్లు వచ్చింది, గోడవైపు తిరిగిన బొమ్మ వచ్చింది.

"ఇగ నీ మాట వస్తదట. ఒక్కసారి నోటితోని చెప్పు. పోనా?"

ఖాలిద్ చెవి పెట్టి విన్నాడు. "లైన్ మంచిగున్నదక్కా. అటు ఫ్యాన్ తిరుగుడు గూడ వినవస్తుంది. మనిషే మాట్లాడ్తలేడు."

అప్పుడు అటువైపు ఎవరో దగ్గారు.

ఆ దగ్గు సుమిత్రకు తెలుసు. సిరిసిల్ల మరమగ్గాల దూది దుమ్ముకు పట్టిన దగ్గు అది. లోపల ఆడవాళ్లు సర్దుకోవాలని వాకిట్లోనే దగ్గి ఇంట్లోకి వచ్చే మనిషిది. దేవేందర్ వాళ్లన్న నర్సయ్యది. మగ్గాలు ఆగిపోయాక ఆయన కూడా గల్ఫ్ వెళ్లి తమ్ముడి గదిలోనే ఉంటున్నాడు. కాపురానికి వచ్చినప్పట్నుంచి బావ ముందు ఆమె మంచమ్మీద కూర్చోలేదు, ముఖమెత్తి మాట్లాడలేదు. ఆయనా అంతే. ఆమె ఎదురైతే గోడవైపు తిరిగి నిలబడేవాడు.

సుమిత్రకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ మధ్యాహ్నం చెప్పినవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గుడ్డల మాట, ముట్టుకునే మాట, చెవిలో మాట. చప్పున కొంగు తల మీదికి లాక్కుంది, ఆ కొంగు ఎవరికి కనపడుతుందని! ఖాలిద్ ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండా చాయ్‌కని బయటికి పోయాడు. ఆమె తన బొమ్మను రెండో అర్రలోకి నడిపించి, గోడ చాటునుంచి అడిగింది.

"ఆయన ఏడున్నడు బావా?"

"జైల్ల ఉన్నడమ్మా," అన్నాడు నర్సయ్య. "జీతం ఇస్తలేరని కంపెనీ ఇడిసి ఖల్లివల్లి అయ్యి బయట పని చేసుకుంట పోలీసులకు దొరికిండు. ఫోన్ నా దగ్గర్నే ఇడిసిపోయిండు. జైలుకెల్లి కబురంపి, సుమిత్రకు చెప్పకు, బుగులు పడ్తదన్నడు. ఇంటున్నవా అని నువ్వడిగినవు. గా గొంతు విని ఊకోలేక ఎగిరిన. గదే తప్పయ్యింది. రోజు చెప్దామనుకునుడు, నోరు రాకపోవుడు."

"ఆయన మాట అనుకొని నేను ఆస్పత్రి దాక వచ్చిన బావా." ఆమెకు కోపం వచ్చింది. కానీ ఆ కోపాన్ని సిగ్గు లేవనివ్వలేదు. "నేను చెప్పినయన్ని..." అని ఆగిపోయింది.

"ఏం చెప్పినవమ్మా?" అన్నాడు నర్సయ్య. "గా దినం నెట్‌వర్క్ అస్సలు మంచిగ లేకుండె. నాకేం వినరాలే."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. సుమిత్ర కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"అవు బావా, మంచిగ లేకుండె. మరి ఎందుకు ఎగిరిండ్రు?"

"పానం పోయేటట్టున్నదన్నవు గద తల్లీ. గదొక్కటే వినవచ్చింది."

సుమిత్ర బట్టల సంచి అందుకుని ఆస్పత్రికి బయల్దేరింది.