అన్నిటికీ ఒకటే దండ

నా ఇంటిది పద్మమ్మ తప్పిపోయింది సోమవారం. రెండువేల పన్నెండు, ఎండాకాలం. కండ్ల దవాఖానకని మిర్యాలగూడ తీస్కపోయిన. అప్పటికి రెండేండ్ల సంది ఆమెకు మతి నిలుస్తలేదు. ఊరేదని అడిగితే తల్లిగారి ఊరు నిడమనూరు అంటది. నలభై ఏండ్లు కాపురం చేసిన ఆత్మకూరు యాదికి రాదు. బస్టాండ్ల కూసోబెట్టి, నా తువ్వాల చేతికిచ్చి, మందులకు పోయిన. వచ్చేసరికి బల్ల మీద తువ్వాల ఒక్కటే ఉన్నది.

పోలీసులకు కాయితం ఇచ్చిన. రెండు దినాలు తిరిగిన. బుధవారం సూర్యాపేట పోయిన. మా తమ్ముని బిడ్డ కల్పన గాడ ఒక వెబ్‌సైట్ ఆఫీసుల పనిచేస్తది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల సంగతులన్నీ అండ్ల పెడతరు. ఇండ్ల అమ్మకం, బర్ల అమ్మకం, పెండ్లి సంబంధాలు, సచ్చిపోయినోళ్ల యాది, తప్పిపోయినోళ్ల ఫోటోలు. ఒక్కోదానికి ఒక్కో ఖానా. మండలం మండలానికి మళ్ల వేరే ఖానాలు. అన్నీ కలిపితే నూరు దాటుతయన్నది.

పేజీ కండ్లకు ఎట్ల కనపడాలె అనేదానికి ఒక నమూనా ఉంటదట. టెంప్లేట్ అంటరట. ఒక్కసారి చేసి పెట్టుకుంటే ఎన్ని ఖానాలకన్న తగిలించొచ్చట. "మీరు గొర్లకు రంగు ఎయ్యరా పెద్దనాయనా, గట్లనే" అన్నది. నాకు సమజైంది. సంతకు పోయేదానికి వీపు మీద ఎర్ర రంగు, మందల ఉండేదానికి నీలం. రంగు సూసే కొనేటోడు తాడు పట్టుకుంటడు.

వాళ్ల పెద్దమ్మ కోసం కల్పన కొత్త నమూనా చేసింది. మొకం పెద్దగ, కింద నా ఫోన్ నంబరు ఎర్రగ. ఇగ దాన్ని అన్ని మండలాల తప్పిపోయినోళ్ల ఖానాలకు తగిలించాలె. గరిడేపల్లికి ఒక టిక్కు, నిడమనూరుకు ఒక టిక్కు. ఎనుకకు ముందుకు సూసుకుంట నిమ్మలంగ పెడుతున్నది. పద్మమ్మ రెండు దినాల సంది తిన్నదో లేదో. కరెంటు పోయే టైం దగ్గరపడ్డది.

"అన్నిటికీ ఒక్కసారే ఎయ్యి బిడ్డా. జల్ది కానియ్యి" అన్న.

నేను మాట్లాడేదే తక్కువ. ఆ దినం గా మాట మాట్లాడిన.

కల్పన అన్ని ఖానాల డబ్బాలకు ఒక్కసారే టిక్కు పెట్టి బటన్ నొక్కింది. పనైందని తెర మీద అక్షరాలు పడ్డయి. అంతల్నే కరెంటు పోయింది. పేజీ తెరిచి సూసుకునే మోకా దొరకలే. పడ్డది, నువ్వు ఇంటికి పో, కడుపుకింత తిను అని తోలిచ్చింది.

తెల్లారి గురువారం పగటీలి అన్నాల యాళ్లకు మిర్యాలగూడ నుంచి ఒక ఆసామి, ఆఫీసు నడిపే మధుసూదన్‌కు ఫోన్ చేసి తిట్టిండట. అమ్మకానికి పెట్టిన తన బర్రె ఫోటోకు పూలదండ పడ్డది, కింద దీపం ఎలుగుతున్నది, ఆత్మకు శాంతి కలగాలని రాసి ఉన్నదట. మధుసూదన్ పడి పడి నవ్విండట. కల్పన నవ్వలే. ఉరికి కంప్యూటర్ తెరిచింది. నేను పోకముందు ఆ పిల్ల సచ్చిపోయినోళ్ల ఖానా పని చేస్తుండెనట. ఆ నమూనానే తెర పైన పట్టుకొని ఉన్నది. ఆగమాగంల కొత్తది పట్టుకోకుండనే, తప్పిపోయినోళ్ల ఖానాలు ఏరకుండనే అన్నిటికీ నొక్కింది. ఇండ్లకు దండ, బర్లకు దండ. పద్మమ్మకు దండ.

గంటల అన్నీ సరిచేసింది. ఫోన్ల ఏడ్సింది. ఒక్క పూటనే గద, ఏం కాదులే అన్న.

శనివారం నా ఫోన్ మోగింది. కోదాడ బస్టాండ్ కాడ టిఫిన్ హోటల్ నడిపే సత్యనారాయణ. నిలబడ్డ కాడి నుంచి నిలబడ్డట్టే బస్సెక్కిన. ఆయన నన్ను కూసోబెట్టి, మొకం సూడకుండ, గిన్నెల దిక్కు సూస్కుంట చెప్పిండు.

"గురువారం పొద్దున వచ్చిందండి. ఆకలిగా ఉందంటే రెండిడ్లీ పెట్టాం. మా అమ్మాయి గోపిక ఫోన్లో ఫోటో చూపించింది, అచ్చం ఈమెలాగే ఉంది నాన్నా అని. చూస్తే దండ ఉంది, దీపం ఉంది. పోయినావిడ ఇడ్లీ ఎట్లా తింటది, ఈమె వేరే మనిషి అనుకున్నాం. ఆ దండ లేకపోతే కదలనిచ్చేవాణ్ణి కాదు పెద్దాయనా."

నిడమనూరు బస్సు ఏదని అడిగిందట. వీళ్లు గిరాకీల పడి మళ్ల సూసేసరికి లేదట. గోపిక ఆ శనివారం పేజీ మళ్ల తెరిస్తే దండ లేదు, నా నంబరు ఉన్నది. అప్పుడు నాయనతోని నాకు ఫోన్ చేయించిందట ఆ పిల్ల.

నిడమనూరు పోయి అడిగిన. రాలేదన్నరు. కోదాడల ఖమ్మం బస్సులు ఆగుతయి, విజయవాడ బస్సులు ఆగుతయి. ఏది ఎక్కిందో.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల ఒక గొర్రె యాదికొచ్చింది. ఒక ఏడు వాన మీదికొస్తుందని గబగబ రంగు ఏసుకుంట పోయిన. చూడి గొర్రెకు గూడ ఎర్ర రంగు పడ్డది. కసాయి బండి ఎక్కింది. ఆ రంగు ఏసిన చెయ్యి నాదే. అయినా బుద్ధి రాలే.

మొన్న రెండువేల పద్నాలుగుల మధుసూదన్ ఆ ఆఫీసు ఖతం చేసిండు. పేజీలన్నీ ఇంకొకరికి ఇస్తున్నడట. వాళ్లు ఖానాలు తగ్గిస్తున్నరు, తప్పిపోయినోళ్ల ఖానా ఉండదట. కల్పన ఫోన్ చేసింది.

"పెద్దమ్మను ఏ ఖానాల పెట్టమంటవ్ పెద్దనాయనా?"

మిగిలిన ఖానాలల్ల పద్మమ్మ ఫోటో పట్టేది ఒక్కటే ఉన్నది. అదేదో ఆ పిల్లకు ఎరుకే. నాకూ ఎరుకే.

"జల్దేం లేదు బిడ్డా" అన్న.

ఫోన్ చెవికాన్నే పట్టుకున్న. ఆ పిల్ల గూడ పెట్టెయ్యలే.