ఫాస్టింగ్

భార్య గుండె ఆపరేషన్ చేజారిపోయిన ఆ రోజు, తెల్లవారకముందే దర్జీ స్టవ్ మీద పాలు పెట్టాడు. ముందురోజు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చినప్పుడు అతను కోటుకు అస్తరు కుడుతున్నాడు.

"రేపు పొద్దున్నే పేషెంటుని ఫాస్టింగ్‌లో తీసుకురండి. తెలుసుగా?" అంది నర్సు.

"తెలుసమ్మా, తెలుసు," అన్నాడు, పక్క మిషన్ల వాళ్లకు వినబడేలా.

ఫాస్ట్ అంటే త్వరగా. చివర 'ఇంగ్' చేరితే ఆ పని జరుగుతూ ఉన్నట్టు. సాయంకాలం ఇంగ్లీషు క్లాసులో విన్నది, మిగిలిన గుడ్డముక్క మీద సుద్దతో రాసుకుని బట్టీ పట్టాడు. వదులుగా ఉండే లూజు వేరు, పోగొట్టుకునే లూజు వేరు అని తెలిసిందీ అక్కడే.

భార్య మంచం మీద కూర్చుని జడ వేసుకుంటోంది.

"ఇంత పొద్దున్నే ఏం తింటానండీ? నోరంతా చేదుగా ఉంది."

"తినాలి. కడుపులో ఏదన్నా పడకపోతే కోతకు తట్టుకోవద్దూ? త్వరగా కానీ. ఫాస్టింగ్‌లో రమ్మన్నారు."

"అబ్బో, దొరగారి ఇంగ్లీషు!" అని నవ్వి, పాలలో నానిన రొట్టె ముక్కలన్నీ అతని కోసమే తింది.

ఆసుపత్రికి అందరికంటే ముందు చేరారు. నర్సు ఆమె మణికట్టుకు పట్టీ కడుతూ, "ఏమీ పెట్టలేదుగా?" అంది.

"పాలూ రొట్టే తింది సిస్టర్."

నర్సు చెయ్యి ఆగిపోయింది. "ఫాస్టింగ్ అంటే ఏమీ తినకుండా రావడం. తెలుసన్నారుగా? ఇప్పుడు మత్తెలా ఇస్తారు?"

దర్జీకి చెవులు వేడెక్కాయి. చొక్కా బొత్తాం పట్టుకుని తిప్పుతూ నిలబడ్డాడు.

"ఆయన్నేమీ అనకమ్మా," అంది భార్య. "వద్దనే అన్నారు. ఆకలికి ఆగలేక నేనే తిన్నాను."

నర్సు ఆమెను చిన్నపిల్లను తిట్టినట్టు తిట్టింది. అతను కిటికీ వైపు చూశాడు.

తరువాతి వారానికి తేదీ ఇచ్చారు. బస్సులో ఆమె, "పోనీలెండి, రెండు మాటలూ ఒక్కలాగే ఉన్నాయి కదా," అంది. అతను ఆమెను ఇంట్లో దింపి కొట్టుకు వెళ్లాడు. పక్క మిషనతను అడిగితే, "డాక్టరు రాలేదు," అని చెప్పి, చీకటిపడేదాకా కాజాలు కుట్టాడు.

ఆ తేదీ రాకముందే, ఒక మధ్యాహ్నం, నిద్రలోనే ఆమె పోయింది.

కూతురు వచ్చింది. ఆమెకూ తల్లి ఫోనులో నర్సుతో అన్న మాటే చెప్పి ఉంది. "ఒక్క పూట ఆకలి ఆపుకోలేకపోయింది చూడు నాన్నా," అని తల్లి మీద కోపంతో ఏడుస్తుంది. పలకరించడానికి వచ్చినవాళ్లతోనూ అలాగే అంటుంది. దర్జీ తల వంచుకుని వింటాడు.

తినిపించింది తనేనని కూతురికి ఇంకా చెప్పలేదు.