హాట్‌ప్యాక్‌లో సెల్‌ఫోను

మా పక్కింటి కొండలరావు సెల్‌ఫోను కొన్న రోజున, దాన్ని చూడ్డానికి లాలాగూడ నుంచి రైలింజన్లు పట్టాలు దిగి తార్నాక దాకా వచ్చాయి. నమ్మకపోతే మీ ఇష్టం. మా వీధిలో గుంటలు ఇప్పటికీ ఉన్నాయి, వచ్చి చూసుకోండి.

ఆ ఫోనుతోనే మా మనవరాలు షారోన్‌కి పనిపడింది. యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఎలక్ట్రానిక్స్ ఆఖరి ఏడు. సెల్‌ఫోను బ్యాటరీకి చార్జింగ్ పెట్టే బోర్డు సొంతంగా చేసింది. చార్జింగ్ అవుతుండగా మాట్లాడినా మాటలో రొద వినపడదట. పరీక్ష చేసే ఉమాపతి సారు ఎదుట అది పనిచేస్తే ప్యాసు, లేకపోతే ఏడాది గల్లంతు.

"తాతయ్యా, ఆయన ఫోనిస్తారంటావా?"

"గుండెకాయ అడుగు, తడుముకోకుండా ఇస్తాడు. ఫోనా?"

ఇచ్చాడండీ! కాకపోతే తనే తెస్తానన్నాడు. బ్యాటరీ ఖాళీగా ఉండాలని పిల్ల చెబితే, ముషీరాబాద్‌లో ఉన్న బావమరిదిని "వినపడుతోందా?" అని అడిగీ అడిగీ ఖాళీ చేశాడు కూడా.

నడి మే నెల. ల్యాబు బయట స్కూటరాపి, హాట్‌ప్యాక్ మూత తీశాడు. లోపల పొగలు కక్కే ఉప్మా. పైన తువ్వాలు, తువ్వాల్లో ఫోను!

"దుమ్ము పడదు, కుదుపు తగలదు అని మా చిట్టెమ్మే సర్దిందండీ పౌలుగారూ!"

లోపలికెళ్ళి, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా తనే ఫోన్ని బోర్డు మీద కూర్చోబెట్టాడు. షారోన్ స్విచ్చి వేసింది. లైటు వెలగలేదు. వైర్లన్నీ నొక్కి చూసింది. ఊహూఁ.

"ఏందమ్మా, లైటే వెలుగుతలేదు. గిదేం ప్రాజెక్టు?" అన్నాడు ఉమాపతి సారు.

"నా ఫోను పోయిందా?" కొండలరావు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"పోలేదయ్యా. వేడి వేడి ఉప్మా మెక్కి కునుకు తీస్తోంది," అన్నాను.

షారోన్ గిర్రున తిరిగింది. "ఉప్మా ఏంటి తాతయ్యా?"

హాట్‌ప్యాక్ సంగతి చెప్పాను. పిల్ల బ్యాటరీని తాకి, చెయ్యి వెనక్కి లాక్కుని ఎగిరి గంతేసింది.

"సార్, నా బోర్డు పనిచేస్తోంది!"

"లైటే లేకపాయె, పనిచేసుడేంది?"

"బ్యాటరీకి మూడు పాయింట్లు సార్. రెండు కరెంటుకి. మూడోది ఒళ్ళెంత కాలుతోందో చెబుతుంది. ఇంత వేడిలో చార్జింగ్ పెడితే బ్యాటరీ పాడవుతుంది. అందుకే బోర్డు ఆపేసింది!"

"జ్వరమొస్తే లంకణమే కదయ్యా," అన్నాను.

"మాటలు గాదు. చల్లారినంక వెలగాలె. చూపియ్యి."

బ్యాటరీ ఊడదీసి, స్టీలు పళ్ళెంలో వేసి మంచినీళ్ళ కుండ మీద పెట్టాం. కొండలరావు ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్నాడు. నేను కండువాతో విసిరిన విసురుకి మాణికేశ్వర్ నగర్‌లో ఆరేసిన బట్టలు ఎగిరి చెట్లెక్కాయి.

మళ్ళీ పెట్టింది. స్విచ్చి.

పచ్చ లైటు!

"వెలిగిందిరో!" అని నేనరిచిన అరుపుకి సారు కళ్ళజోడు ముక్కు మీంచి జారింది.

"ఆగుండ్రి పెద్దాయనా. రొద సంగతి చూడాలె ఇంకా."

కాస్త చార్జింగ్ ఎక్కాక, బోర్డు మీంచి తియ్యకుండానే షారోన్ ఫోన్ని స్పీకరుకి కలిపి ఆన్ చేసింది. మేం నంబరు నొక్కేలోపే ఫోను ట్రింగుమంది. అందరం ఉలిక్కిపడ్డాం. పిల్ల బటను నొక్కింది. గది నిండా చిట్టెమ్మ గొంతు, గుళ్ళో గంటలా.

"ఏవండీ! ఉప్మా చల్లారిపోయిందా?"

"పెట్టెయ్యవే! వచ్చే ఫోనుకీ డబ్బులే!" కొండలరావు గిలగిల్లాడాడు.

సారు అతన్ని పక్కకి జరిపి, స్పీకరుకి చెవి ఆనించాడు. ఈగ రొదంతైనా లేదు. అప్పుడు ఫోను మీదికి వంగాడు.

"చల్లారిందమ్మా. చల్లారినంకనే గీ పిల్ల ప్యాసైంది."