మోకాలికి బిగించిన క్లచ్

పలాసలో జీడిపిక్కల గోదాము ముందు నుంచి సన్యాసిరావు తన బావ తిరుమలరావు లారీని కదిలించబోయాడు. బండి ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

“ఏటి బావా ఇది? కాలు తీత్తే సాలు, గిత్తలాగ ఎగురుతంది!”

తిరుమలరావు నవ్వాడు. ఎడమ మోకాలు వంగడం మానేసినప్పటి నుంచి, పెడల్ కాస్త తొక్కితే చాలేలా క్లచ్‌ని తనే బిగించుకున్నాడు. రేపు విశాఖలో మోకాలి చిప్ప మార్చే ఆపరేషన్. తను లేచి తిరిగేదాకా బండి నడిపేది సన్యాసిరావే.

“మెకానిక్కుని పిలుత్తానుండు.”

“నా బండి కింద ఇంకొకడు దూరతాడేట్రా?”

గోనెసంచి పరుచుకుని, కాలు చాపుకునే లారీ కిందికి పాకాడు. స్పానర్ పెట్టాడు గానీ నట్టు తిప్పబుద్ధి కాలేదు. వదులు చేస్తే బండి ఇక తన మాట వినదు. కొబ్బరికాయల లోడుతో, అద్దం దించుకుని అక్కుపల్లి రోడ్డు మీద పోతుంటే ముఖానికి తగిలే ఉప్పుగాలి గుర్తొచ్చింది.

“పడుకుండిపోనావేటి బావా?”

“లేదురా. కొత్తలో ఎలాగుండేదో అలాగే పెడతన్నాను.”

“నువ్వొచ్చినాక మళ్లీ బిగించుకోవాల గదా?”

తిరుమలరావు చెయ్యి ఆగింది. కొత్త మోకాలు వంగుతుందని డాక్టరు చెప్పాడు. ఇన్నాళ్లూ ఆ మాట నమ్మడానికే భయపడ్డాడు.

“అక్కర్లేదురా. అప్పటికి నాకూ ఇదే సరిపోద్ది.”

నట్టు తిరిగింది. చాపిన ఎడమ పాదం గాలిలోనే పెడల్‌ని మెల్లగా తొక్కి చూసుకుంది.

“ఒరే, సీటు మాత్రం జరపకు!”