వెనక్కి దారి చూపే పెట్టె

వరద నీళ్ళు మా ఇంటి మూడో మెట్టు దాకా వచ్చాయే, ఆ మరుసటి ఏడు జరిగింది ఇది.

నేను సర్వే వాళ్ళ దగ్గర కొలతల గొలుసు లాగినవాణ్ణి. ముప్పై ఏళ్ళు పొలాలూ గుట్టలూ కొలిచాను. మాట తక్కువ. ఇంట్లో నాకు ‘రాయి’ అని పేరు. పెట్టింది నా భార్య. ఆవిడ పోయింది, పేరు ఉండిపోయింది.

మా కోడలు లాండ్రీలో దుప్పట్లు ఉతుకుతుంది. సెలవు రోజున కొండ మీద పరుగెత్తుతుంది. అదొక పోటీ. పాతిక ముప్పై మంది కొండెక్కి, చుట్టూ తిరిగి, ఎక్కిన చోటికే దిగుతారు. ఎందుకమ్మా అని నేనెప్పుడూ అడగలేదు. పరుగెత్తి వచ్చిన రోజు ఆ పిల్ల కూనిరాగం తీస్తూ గిన్నెలు తోముతుంది. అది చాలు.

ఒకసారి మంచులో దారి తప్పింది. నాలుగు గంటలు ఆలస్యంగా వచ్చింది, మోకాళ్ళు గీరుకుపోయి. మా అబ్బాయి లారీ తోలుతాడు, దేనికీ బెదరడు. ఆ రోజు కాలుగాలిన పిల్లిలా వాకిట్లో తిరిగాడు. ఇక కొండ మాట ఎత్తొద్దన్నాడు. ఆ పిల్ల బూట్లు అటక మీద పెట్టేసింది. నెల రోజులు ఇల్లంతా మూగబోయింది. అసలే నేనున్నాను, ఇంకో రాయి ఎందుకు?

భోజనాల దగ్గర చెప్పాను, వెనక్కి దారి చూపే జీపీఎస్ పెట్టెలు వచ్చాయట గదా అని. నేను నోరు విప్పేసరికి ఇద్దరూ తినడం ఆపారు.  అది మనిషిని సరిగ్గా చేరుస్తుందని తన కళ్ళతో చూస్తే సరే, లేదంటే బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నాడు అబ్బాయి.

కోడలూ నేనూ బజారులో ఆటసామాన్ల కొట్టుకి పోయాం. కొట్టువాడు ముందు చేతి గడియారం లాంటిది పెట్టాడు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో, ఎంతసేపు నిద్రపోయామో కూడా చెబుతుందట. నిద్రపోయినవాడికి ఆ సంగతి తెలీదా అన్నాను. పెద్దాయన్ని మెప్పించడం కష్టమే అన్నాడు. ధర విని కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

రెండోది సగం ధర. అద్దాన్ని వేలితో తాకాలి. ఆ పిల్ల తాకింది, కదల్లేదు. కొట్టువాడు తాకితే కదిలింది. మళ్ళీ ఆ పిల్ల తాకింది. ఊహూఁ. బట్టల సోడా నీళ్ళలో నాని నాని ఆ వేళ్ళ కొసలు గీతల్లేకుండా అరిగిపోయి ఉన్నాయి. పదేళ్ళుగా నాకు అన్నం పెడుతున్న చేతులు. ఆ రోజే చూశాను. ఆ పిల్ల వేళ్ళు ముడుచుకుంది.

“మీటలున్నది చూపించవయ్యా,” అన్నాను.

కింద అరలోంచి సబ్బుబిళ్ళంత పెట్టె తీశాడు. రంగుల్లేవు, పటాల్లేవు. బయల్దేరిన చోట మీట నొక్కితే ఆ చోటు గుర్తుంచుకుంటుంది, తిరిగొచ్చేటప్పుడు అటువైపు బాణం చూపిస్తుంది. కొట్టు ముందు నొక్కి సందు చివరిదాకా నడిచాం. బాణం కొట్టువైపే తిరిగింది. మొదటిదాని ధరలో ఐదో వంతు లేదు. ఇదే అన్నాను.

బాయిలరు మరమ్మతని లాండ్రీకి రెండు రోజులు సెలవు. తెల్లారి కొండకి పోతానంది. మా గొలుసు పనిలో రేపటి కొలతకి ఇవాళ సాయంత్రమే మొదటి మేకు కొట్టి పెడతాం. ఆ అలవాటు నాది. ఇంట్లో మంచం మీద కూర్చుని మీట నొక్కేశాను. నువ్వింకేం నొక్కక్కర్లేదమ్మా, అంతా సిద్ధం అని చెప్పాను.

మర్నాడు చెప్పిన వేళకి రాలేదు. రెండు గంటలు దాటాక వచ్చింది. బాణం లోయవైపు చూపిందట. అంచుదాకా పోయి, అనుమానమొచ్చి, వాగు వెంట దిగి వచ్చిందట. అబ్బాయి పెట్టెని సంచిలో వేసుకున్నాడు, తిరిగిచ్చెయ్యడానికి. ఆ పిల్ల అటకవైపు చూసింది.

సంచిలోంచి పెట్టె తీసుకుని వీధిలోకి పోయాను. బాణం మా ఇంటిని చూపట్లేదు. బజారువైపు చూపుతోంది. అప్పుడు కోడలు కొట్టువాడిచ్చిన కాగితం తెచ్చి చదివింది. ఆరుబయట, బయల్దేరే చోటే నొక్కాలి, సిగ్నల్ గీతలన్నీ నిండేదాకా ఆగాలి. కప్పు కింద నొక్కితే చివరిసారి ఎక్కడుందో ఆ చోటే పట్టుకుంటుంది. అంటే కొట్టు.

“తప్పు దానిది కాదురా, నాది,” అన్నాను. “పిల్లని లోయ అంచుకి పంపింది నేను.”

అబ్బాయి నావైపు తిరిగాడు.

“నువ్వు ఏడాదికి రెండు మాటలు మాట్లాడతావు నాన్నా. అందులో ఒకటి ఇదా?”

“మామయ్యని ఏమీ అనకండి,” అంది కోడలు. “బేరం ఆడకుండా కొన్నామని ఆ పెట్టె కొట్టుకే పంపింది పాపం.”

వాడికి నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. రేపొక్కసారి, తనూ వస్తానన్నాడు.

మర్నాడు ముగ్గురం మొదటి బస్సుకి పోయాం. కొండ మొదట్లో, చెట్టూ చేమా లేని చోట నిలబడి, గీతలన్నీ నిండేదాకా పెట్టెని చేత్తో పైకెత్తి పట్టుకున్నాను. భుజం లాగింది. నిండాక కోడలికిచ్చి, నువ్వే నొక్కమ్మా అన్నాను. నొక్కి పరుగెత్తింది. మంచు దిగింది. అబ్బాయి లేచి నిలబడ్డాడు, కూర్చోలేదు. చెప్పిన వేళకి ఆ పిల్ల పెట్టెని చూసుకుంటూ సూటిగా మా ముందుకే దిగివచ్చింది. వాడు పెట్టెకున్న తడిని చొక్కాతో తుడిచి మళ్ళీ ఆ పిల్ల చేతిలోనే పెట్టాడు.

తిరిగి వస్తూ నేను బజారు దగ్గర బస్సు దిగి, ఆ పెట్టెకి ఇంకో జత బ్యాటరీలు కొన్నాను.